జేబు లేని గౌను

మా ఐసీయూలో రోగుల చేతులు కట్టేసేవాళ్ళం. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు ఈ మాట వింటే ముఖం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి, ఫరవాలేదు. గాజుగుడ్డ మడతలు వేసి, లోపల దూది పెట్టి, మణికట్టు ఒరుసుకుపోకుండా చుట్టి, మంచం కమ్మీకి ముడేసేవాళ్ళం. గుండె ఆపరేషన్ అయి వచ్చిన మనిషికి నోట్లో గొట్టం, మెడలో సూది, ఛాతీ కింద నెత్తురు బయటికి లాగే డ్రెయిన్లు, గుండెకి తగిలించి పైకి తీసిన సన్నని తీగలు. మత్తు దిగేటప్పుడు ఆ చెయ్యి విసురుగా పైకి లేచిందంటే ఏది ఊడి వస్తుందో చెప్పలేం. అందుకని కట్టేవాళ్ళం. అప్పట్లో ఎక్కడైనా అంతే.

నేను చెప్పేది తొంభైల నాటి సంగతి. మస్కట్‌లో ఒక పెద్దాసుపత్రి, పేరెందుకులెండి. మాది గుంటూరు వైపు. మా ఆయన ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు, కాపురం సీబ్‌లో. నాకు కుదురు లేదని మా అమ్మ నా చిన్నప్పటినుంచీ తిట్టేది. అది నిజమే. డ్యూటీలో ఉన్నంతసేపూ ఈ మంచం నుంచి ఆ మంచానికి తిరుగుతూనే ఉండేదాన్ని. పని లేకపోతే సెలైన్ బాటిళ్ళు వరస మార్చేదాన్ని. రిటైరై ఇన్నేళ్ళయినా, ఇది రాయడానికి కూర్చుని ఇప్పటికి నాలుగుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చాను. ఆ రోజులు గుర్తొస్తే కాళ్ళు వాటంతటవే లేస్తాయి, ఏం చెయ్యను!

మా దగ్గర ఆపరేషన్లు బాగానే జరిగేవి. మర్నాడు గొట్టం తీసేస్తే మనిషి "నీళ్ళు" అనేవాడు, మేమంతా హమ్మయ్య అనుకునేవాళ్ళం. ఆ తర్వాత మొదలయ్యేది అసలు గోల. గోడమీద చీమలు పాకుతున్నాయని ఒకాయన. కిటికీ లేని గదిలో కిటికీ మూయమని ఇంకొకాయన. కన్నకొడుకుని పట్టుకుని "నువ్వెవడివి, నా కొడుకు బట్టలు ఎందుకు వేసుకున్నావు?" అని నిలదీసిన పెద్దాయన ఒకరు. మీరు దీన్ని డెలీరియం అంటున్నారు, పూటపూటా కొలుస్తున్నారు, రాకుండా ఏం చెయ్యాలో గోడకి అంటిస్తున్నారు. అదృష్టవంతులు. మేం ఐసీయూ సైకోసిస్ అనేవాళ్ళం. మాలో మేం అనుకునేటప్పుడు "మూడోరోజు పూనకం." పూనకం వచ్చింది, సూది వెయ్యండి, కట్టెయ్యండి, అదే పోతుంది. అంతే మా వైద్యం.

మా ఇన్‌చార్జి సిస్టర్ కేరళ ఆవిడ. చెయ్యి చాలా మంచిది, నోరు చాలా చెడ్డది. పెద్ద డాక్టరు ఈజిప్టు ఆయన. ఆయన వేసిన కుట్లు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. కానీ కుట్టిన తర్వాత ఆ మనిషి ఏం మాట్లాడుతున్నాడన్నది ఆయనకి పట్టేది కాదు. గుండె ఎలా కొట్టుకుంటోంది, మూత్రం ఎంత వచ్చింది, డ్రెయిన్‌లో ఎంత పడింది అని అడిగి పక్క మంచానికి పోయేవారు.

నాకు ఈ పూనకాల మీద మొదటిసారి అనుమానం వచ్చింది బురైమి నుంచి వచ్చిన ఒక ముసలావిడ వల్ల. అటువైపు పెద్దవయసు ఆడవాళ్ళు కొందరు ముఖానికి గట్టి గుడ్డతో కుట్టిన ముసుగు పెట్టుకుంటారు. కళ్ళు కనిపిస్తాయి, ముక్కూ నోరూ కనిపించవు. పరాయి మగవాళ్ళ ముందు అది తియ్యరు. మేం ఆపరేషన్‌కి ముందు గాజులతోపాటు అదీ తీసి సంచిలో వేసేశాం. ఆవిడ కళ్ళు తెరిచేసరికి చుట్టూ మగ నర్సులు, మగ డాక్టర్లు. తల దిండుకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. పూనకం అనుకుని సూది వేశాం. సాయంత్రం కూతురు వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయి, "మా అమ్మ ముఖం మీది గుడ్డ ఏది?" అని అడిగింది. తెచ్చి కట్టాం, దాని మీద ఆక్సిజన్ మాస్కు పెట్టాం. ఆవిడ నెమ్మదించి, కాసేపటికి మజ్జిగ తాగింది.

అది మొదలు నా బుర్రలో పురుగు తొలచడం మొదలైంది. మనం వీళ్ళ దగ్గర ఏమేం లాగేసుకుంటున్నాం? కళ్ళజోడు, కట్టుడు పళ్ళు, చెవి మిషను, చేతి గడియారం, ఆఖరికి పగలూ రాత్రీ తేడా కూడా లాగేసుకుంటున్నాం! గొట్టం తియ్యగానే కళ్ళజోడు పెట్టడం మొదలుపెట్టాను. నిద్రవేళకి లైట్లు తగ్గించేదాన్ని. అలారాల గోల తగ్గించమని పోట్లాడేదాన్ని. పగలు వీలైనంత త్వరగా లేపి కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని. "నువ్వు నర్సువా, ఆయావా?" అని ఇన్‌చార్జి సిస్టర్ అందరి ముందూ కడిగేసేది. "రెండూనూ" అనేదాన్ని నేను.

నా తొందరకి ఇంకో కారణం ఉంది. ఆ ఏడాదే ఒక లారీ డ్రైవరుకి పూనకం వస్తే, తీగలు లాగేస్తున్నాడని మళ్ళీ గొట్టం వేసి, మత్తులో పడుకోబెట్టేశారు. రోజుల తరబడి అలాగే ఉంచారు. ఊపిరితిత్తులకి చీము పట్టింది. గుండె మాత్రం చివరిదాకా చక్కగా కొట్టుకుంది. ఆయన మంచం ఖాళీ అయిన పూట నేను అన్నం తినలేకపోయాను.

సరిగ్గా అలాంటప్పుడు మన తెలుగాయన వచ్చాడు.

కరీంనగర్ వైపు మనిషి, యాభైకి దగ్గర పడుతున్నాడు. షట్టరింగ్ కార్పెంటర్, మనం సెంట్రింగ్ అంటామే ఆ పని. అల్ హైల్‌లో కంపెనీ ఇచ్చిన రూమ్‌లో తనలాంటి వాళ్ళతో ఉండేవాడు. చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండె కవాటాన్ని తినేసింది. ఆయాసం వస్తుంటే సైట్ దుమ్మని సరిపెట్టుకుని ఏళ్ళు గడిపేశాడు. చివరికి సైట్‌లోనే పడిపోతే కంపెనీవాళ్ళు తెచ్చి చేర్చారు. పాడైన కవాటం తీసేసి లోహంతో చేసిన కొత్తది పెట్టారు. ఆపరేషన్ బ్రహ్మాండంగా అయింది.

నాకు లోపల్లోపల ఎంత గర్వమో! ఇన్నాళ్ళూ వచ్చీరాని అరబ్బీతో, విరిగిపోయిన హిందీతో కుస్తీ పట్టాను. ఇప్పుడు మనవాడే. కళ్ళు తెరవగానే చెవిలో తెలుగు పడితే ఇంకేం కావాలి, ఈయనకి పూనకం రమ్మన్నా రాదు అని ఇన్‌చార్జి సిస్టర్‌తో పందెం కాసినంత పని చేశాను. గొట్టం తీసిన క్షణం నుంచి మంచం పక్కనే ఉండి చెప్పాను. "బాబాయిగారూ, మీకు ఆపరేషన్ బాగా జరిగిందండీ. భయపడకండి. ఇది ఆసుపత్రి అండీ." ఆయన నా వంక చూసి కళ్ళు మూసుకున్నాడు. అలసటనుకున్నాను.

గురువారం పొద్దున నేను డ్యూటీ ఎక్కేసరికి ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు! కట్టు పళ్ళతో విప్పుకున్నాడు. చేతి సూది ఊడి మోచేతి దాకా రక్తం. డ్రెయిన్ బాటిల్ నేలమీద ఈడ్చుకుంటూ తలుపు వైపు అడుగులేస్తున్నాడు. ఓరి నాయనో అని పరిగెత్తాను.

"బాబాయిగారూ, ఆగండి! పడిపోతారండీ. మీకు గుండె ఆపరేషన్ అయింది కదండీ."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వు ఆఫీసోల్ల మనిషివి" అన్నాడు.

"కాదండీ, నర్సుని. తెలుగుదాన్నే."

"గదే అంటున్న. గీ తెలుగు మా ఆఫీసుల మాట్లాడుతరు. గిట్లనే మెత్తగ అండి అండి అనుకుంట సంతకం వెట్టిచ్చుకుంటరు, ఎగ్జిట్ కొడతరు. నేను పెట్ట. సంపుతె సంపుండ్రి."

ముగ్గురం పట్టుకుని మంచం మీదికి చేర్చాం. నాకు మాత్రం చెంప ఛెళ్ళుమన్నట్టయింది. వాళ్ళ కంపెనీలో హాజరు వేసేవాళ్ళు, జీతాల లెక్క చూసేవాళ్ళు అందరూ మా వైపు వాళ్ళట. ఓవర్‌టైమ్ కోత పెట్టేదీ, వీసా క్యాన్సిల్ కాగితాలు చేతిలో పెట్టేదీ ఈ భాషలోనే. మా ఆయన ఉద్యోగమూ అలాంటిదే కదా. "అండీ" అన్న మాట విని బెదిరిపోయే మనిషి ఉంటాడని నాకు కలలో కూడా తోచలేదు. ఇంటి మాట వినిపిస్తున్నాననుకున్నాను. ఆయనకి వినిపించింది ఆఫీసు మాట.

ఆక్సిజన్ చూశారు, రక్తపరీక్షలు చూశారు, జ్వరం చూశారు. అన్నీ బాగున్నాయి. సూది మందు వేశారు. పెద్ద డాక్టరు నన్ను పక్కకి పిలిచారు.

"శనివారం రౌండు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే మళ్ళీ గొట్టం వేసి నిద్రపుచ్చుతాను. ఈయన ఒక్క తీగ లాగాడంటే నా వాల్వూ పోతుంది, నీ కబుర్లూ పోతాయి" అన్నారు.

నాకు లారీ డ్రైవరు మంచం కళ్ళ ముందు కనిపించింది. ఇంటికి పోయినా నిలకడ లేదు. వండిన కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తులేక రెండోసారి వేశాను. మా ఆయన పాపం నోరెత్తకుండా తిన్నారు.

శుక్రవారం పొద్దున మన తెలుగాయన ఒక చేతి కట్టు విప్పి, పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నేను వదలగానే ఆ చెయ్యి సూటిగా ఎడమ ఛాతీ మీదికి పోయింది. అక్కడ తడిమి, గౌను గుడ్డని వేళ్ళతో నలిపి, మళ్ళీ తడిమింది. గాయం నొప్పేమోనని నాతో ఉన్న ఫిలిప్పీన్స్ నర్సు మందు ఎక్కించబోయాడు. గాయం నడిమధ్యన ఉంటే ఈయన పక్కకెందుకు తడుముతున్నాడు?

"ఏం వెతుకుతున్నారు?" అన్నాను.

గోడకి చెప్పినట్టు చెప్పాడు. "నా బతాకా గుంజుకున్నరు."

బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు, లేబర్ కార్డు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా ఎడమ జేబులో పెట్టుకుని, జేబుకి బొత్తాం పెట్టుకుంటారు మనవాళ్ళు. రోడ్డు మీద పోలీసు చెయ్యి చాపితే చేతికి రావాలి. రాకపోతే వ్యాను ఎక్కాలి. నా కార్డు ఎక్కడో హ్యాండ్‌బ్యాగ్ అడుగున పడి ఉండేది. ఏళ్ళ తరబడి రోడ్డు మీద ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆయన చొక్కా మేం విప్పేశాం. కార్డు ఆసుపత్రి కాగితాల కోసం, కంపెనీలో సర్కారు పనులు చూసే పి.ఆర్.ఓ. పట్టుకెళ్ళాడు. ఒంటిమీద వేసిన గౌనుకి జేబే లేదు. ఆయన వైపునుంచి చూడండి. కళ్ళు తెరిచాడు, జేబూ లేదు, కార్డూ లేదు. చేతులు కమ్మీకి కట్టి ఉన్నాయి. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న సెక్యూరిటీ మనిషి. దీపాలు ఆర్పరు. ఆఫీసు తెలుగులో ఒక ఆడమనిషి భయపడకండి అంటోంది. ఇది జైలు కాకపోతే ఇంకేమిటి? నేనైనా అదే అనుకునేదాన్ని.

కార్డు తెప్పిద్దామంటే శుక్రవారం, కంపెనీ ఆఫీసు మూత. ఫోన్ ఎంత మోగినా ఎత్తేవాడు లేడు. మధ్యాహ్నానికి నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, తలుపు బయట ఆయన రూమ్మేట్ కనిపించాడు. టైల్స్ మేస్త్రీ, ముప్పై అయిదు ఉంటాయి, పక్క ఊరివాడట. డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి, ఎలా ఉన్నాడని సెక్యూరిటీని అడిగి పోతున్నాడు. లోపలికి ఎవర్నీ రానిచ్చేవాళ్ళం కాదు. ఆ వేళ తన కాకా, అంటే మా పేషెంటు, కళ్ళజోడు ఒక పొట్లంలో తెచ్చాడు.

నేను ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి వెళ్ళి, అతన్ని ఒక్కసారి లోపలికి రానివ్వమన్నాను.

"కుదరదు. ఒకణ్ణి పంపితే రేపు రూమ్ మొత్తం వచ్చి కూర్చుంటుంది. ఇన్ఫెక్షన్ వస్తే నువ్వు జవాబు చెబుతావా?" అంది.

"చెబుతాను. రేపు గొట్టం వేసి, అది ఇక తియ్యలేకపోతే ఎవరు జవాబు చెబుతారు? మీరు చెబుతారా?"

ఆవిడ నన్ను కొరకొరా చూసింది. లారీ డ్రైవరు ఆవిడ చేతుల్లోనే పోయాడు. "మోచేతుల దాకా కడగమను. గౌను, మాస్కు వెయ్యి. నేను పక్కనే నిలబడతాను. ఏడిస్తే బయటికి గెంటేస్తాను" అంది.

మేస్త్రీ లోపలికొచ్చి "కాకా!" అన్నాడు.

మంచం మీది మనిషి తల తిప్పి చూశాడు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "నిన్ను గూడ పట్టుకొచ్చిన్రా కొడుకా?" అన్నాడు.

నా గుండె చెరువైపోయింది. మేస్త్రీ మాత్రం గట్టివాడు. కసిరేశాడు.

"నన్నెవడు వడతడే? బస్సెక్కి నేనే వచ్చిన. దవాఖాన గిది. నీ గుండెల పుర్జ చెడిపోతె కొత్తది ఏసిన్రు. లోపల టిక్కు టిక్కుమని సప్పుడు జేస్తలేదా?"

కాకా ఆగి, లోపలికి విన్నాడు. "జేస్తున్నది. బాంబు వెట్టిన్రనుకున్న" అన్నాడు.

"బాంబు వెట్టనీకి నువ్వేమన్న మంత్రివా? పుర్జనే అది!"

లోహపు కవాటం పెట్టిన మనిషికి తన గుండె చప్పుడు తనకే వినిపిస్తుందని మా అందరికీ తెలుసు. ఆయనకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆ మనిషి మూడు రోజులుగా ఒంట్లో బాంబుతో పడుకుని ఉన్నాడు.

"మరి నా బతాకా?" అన్నాడు కాకా.

మేస్త్రీ గౌను కింద చెయ్యి పెట్టి, తన చొక్కా జేబులోంచి కార్డు తీసి కాకా చేతిలో పెట్టాడు. "ఇగో. గట్టిగ వట్టుకో." కాకా కళ్ళజోడు ఇంకా పొట్లంలోనే ఉంది. ప్లాస్టిక్ కవరు అంచులు వేలితో తడిమి చూసుకుని గుప్పిట మూశాడు. ఒళ్ళంతా వదులైంది. నేను మానిటర్ వంక చూస్తుండగానే గుండె వేగం దిగింది.

తలుపు దగ్గర అతన్ని ఆపాను. "అది నీ కార్డు కదయ్యా. నీ సంగతేమిటి?"

"గీడికెల్లి అల్ హైల్ ఎంత దూరమక్కా? ఒక్క బస్సు. శుక్రవారం ఎవడడుగుతడు? రేపు ఆఫీసు తెరిస్తె ఆయినది తెచ్చి ఇచ్చి నాది తీసుకుంట" అని వెళ్ళిపోయాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఇన్‌చార్జి సిస్టర్ గాజుగుడ్డ ముక్క ఒకటి కత్తిరించి, కాకా గౌనుకి ఎడమవైపు మూడు పక్కలా ప్లాస్టర్ అంటిస్తోంది. జేబు! "చేతిలో ఉంటే పారేసుకుంటాడు" అని గొణిగింది, నేనేదో అడిగినట్టు. కార్డు అందులో పెట్టాం. చేతులు విప్పేశాం. ఆయన అరచెయ్యి జేబు మీద పెట్టుకుని నిద్రపోయాడు. సూది మందు అక్కర్లేకుండా, గురక పెట్టి మరీ నిద్రపోయాడు.

శనివారం పొద్దున నేను డ్యూటీకి పరిగెత్తుకుంటూ వచ్చాను. కాకా రాత్రంతా ఏ గొడవా చెయ్యలేదు. తీగలు తీగల్లాగే ఉన్నాయి. ఇంకాసేపట్లో రౌండు. ఈ ఒక్క రౌండు గట్టెక్కితే చాలు దేవుడా అనుకుంటూ దుప్పటి సర్దుతున్నాను. ఫోన్ మోగింది.

కంపెనీ పి.ఆర్.ఓ. "సిస్టర్, మా టైల్స్ మేస్త్రీ బతాకా మీ పేషెంట్ దగ్గరుందా?" అని హిందీలో అడిగాడు. నిన్న సాయంత్రం సీబ్ దగ్గర చెకింగ్ జరిగింది. బస్సు ఆపారు. మేస్త్రీ జేబులో కార్డు లేదు. రాత్రంతా స్టేషన్లోనే ఉన్నాడు. కంపెనీ అర్బాబు, అంటే యజమాని, ఊళ్ళో లేడు, మేస్త్రీ పాస్‌పోర్టు రెన్యూవల్‌కి పోయింది. మధ్యాహ్నానికి పట్టుకున్నవాళ్ళందరినీ ఇంకో చోటికి తరలిస్తారట. అక్కడికి చేరితే బయటికి తేవడం ఎన్నాళ్ళు పడుతుందో, పని ఉంటుందో ఊడుతుందో చెప్పలేడట. డ్రైవర్ని పంపించాను, కార్డు ఇవ్వండి అన్నాడు. కాకా కార్డేదీ అంటే, అది ఇంకా సర్కారు ఆఫీసులో ఉందన్నాడు.

ఆ కార్డు జేబులో ఉండబట్టే ఈయన మంచం మీద ఉన్నాడు. అది తీస్తే రౌండు వేళకి మళ్ళీ మొదటికొస్తాడు, గొట్టం తప్పదు. తియ్యకపోతే అక్కడ మేస్త్రీ జైలుపాలవుతాడు.

"రౌండు అయ్యేదాకా ఆగు" అంది ఇన్‌చార్జి సిస్టర్.

"రౌండు ఎప్పుడవుతుందో మీకు తెలుసా?"

ఆయన కునుకు తీస్తుండగా మెల్లగా తీసేసి, ఆ సైజులోనే ఉన్న ఆసుపత్రి కార్డు పెట్టేద్దాం అన్నాడు ఫిలిప్పీన్స్ నర్సు. మంచి ఉపాయమే. కానీ లేచి తడుముకుని, కళ్ళజోడు పెట్టుకుని చూశాడంటే? దొంగచాటుగా కార్డు మార్చేసిన వాళ్ళం అవుతాం. ఆయన మూడు రోజులుగా మా గురించి అనుకుంటున్నదంతా నిజమవుతుంది. వద్దన్నాను.

మంచం పక్క స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన యాస నాకు రాదు. నటిస్తే పట్టేస్తాడు. నా తెలుగులోనే చెప్పాను, అండీలు మాత్రం మింగేశాను.

"కాకా, కళ్ళజోడు పెట్టుకో. ఆ జేబులో కార్డు తీసి చూడు. అది నీది కాదు. నీ కార్డు సర్కారు ఆఫీసులో పదిలంగా ఉంది. ఇది నిన్న వచ్చాడే, అతనిది. నీకిచ్చి వెళ్ళాడు. దారిలో చెకింగ్‌లో పట్టుకున్నారు. ఇది పంపిస్తే వదిలేస్తారు."

ఆయన కార్డు తీసి ముఖం దగ్గరగా పెట్టుకున్నాడు. ఫోటో చూశాడు. మానిటర్ మీద అంకె ఎక్కడం మొదలుపెట్టింది. తొంభై, నూరు, నూట పది. ఇన్‌చార్జి సిస్టర్ సిరంజీ అందుకుంది. నేను ఆయన చేతివంకే చూస్తున్నాను, మెడ దగ్గరి సూది మీదికి పోతుందేమోనని. చచ్చానురా దేవుడా అనుకున్నాను.

"పిచ్చి నా కొడుకు" అన్నాడు కాకా. "ఆనికి ఇద్దరు ఆడివిల్లలు. నాకెందుకిచ్చిండు? నేనేడికి వోత గీ మంచం మీదికెల్లి?"

కార్డు నా చేతిలో పెట్టి, నా వేళ్ళు తన రెండు చేతులతో మూశాడు. "జెల్ది పంపు బిడ్డా. ఆన్ని ఇంటికి పంపిస్తరు. జెల్ది."

అంతవరకూ నన్ను ఆఫీసు మనిషనే అన్నాడు. బిడ్డా అనడం అదే మొదలు.

సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు లోపలికొచ్చారు. ఏడుస్తున్న పేషెంటు, ఎక్కిపోయిన గుండె వేగం, సిరంజీ పట్టుకున్న సిస్టరు. "మళ్ళీనా?" అన్నారు.

"కాదు డాక్టర్, ఇది వేరు" అన్నాను. "ఈయన భయపడుతున్నాడు. కానీ నిజంగా ఉన్నదానికే భయపడుతున్నాడు. కావాలంటే అడగండి."

ఏమైందో చెప్పమన్నారు ఆయన. కాకా చెప్పాడు, నేను తర్జుమా చేశాను. ఎవర్ని పట్టుకున్నారు, ఎందుకు పట్టుకున్నారు, కార్డు ఎవరిది, ఎవరి దగ్గరికి చేరాలి, ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. తన ఛాతీలో కొత్త పుర్జ ఉందనీ, అది మంచి పుర్జేననీ కూడా చెప్పాడు. పెద్ద డాక్టరు ఒక పేషెంటు మాటలు అంతసేపు వినడం నేను అంతకు ముందు చూడలేదు.

"కార్డు తీసుకెళ్ళే మనిషి వచ్చాడా?" అన్నారు.

"కింద ఉన్నాడు డాక్టర్."

"మరి నువ్వింకా ఇక్కడున్నావేం?"

పరిగెత్తాను. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేక మెట్లమీంచి దిగాను, చెప్పులు చేత్తో పట్టుకుని. నేను పైకొచ్చేసరికి ఆయన ఫైల్లో నాలుగు మాటలు రాసి వెళ్ళిపోయారు. గొట్టం ఊసు లేదు. డ్రెయిన్లు తియ్యమన్నారు, కుర్చీలో కూర్చోబెట్టమన్నారు.

ఆ కేసు గొప్ప ఎవరిదన్న వాదన మాలో చాలా రోజులు నడిచింది. తను రాసిన మందు పనిచేసిందని పెద్ద డాక్టరు. ఒక రాత్రి మంచి నిద్ర పడితే ఎవడికైనా బుర్ర తిరిగొస్తుందని ఇన్‌చార్జి సిస్టర్. నేనేమంటానో మీకు తెలుసు. దానంతటదే తగ్గే వేళకి తగ్గి ఉండొచ్చు కూడా, డెలీరియం తీరే అంత. కాని ఆ తర్వాత మా గౌన్లన్నిటికీ టైలర్ చేత ఎడమవైపు జేబులు కుట్టించింది మాత్రం ఇన్‌చార్జి సిస్టరే. ఆపరేషన్‌కి ముందురోజే రోగిని ఐసీయూలోకి తెచ్చి, ఇదిగో ఈ మంచం, ఇదిగో ఈ గొట్టం, నీ సామాను ఫలానా చోట ఉంటుంది, లోపల ఇలా చప్పుడవుతుంది అని చూపించడం మొదలుపెట్టాం. అయినవాళ్ళని పూటకొకరిని రానిచ్చాం. అలారం మోగని పూట లేదు గానీ, కట్టు కట్టే పూటలు తగ్గాయి. ఇవన్నీ ఇప్పుడు మీ గోడల మీద ఇంగ్లీషులో ఉన్నాయి. చదివి ఊరుకోకండి తల్లుల్లారా, చెయ్యండి.

ఆ శనివారం మాత్రం నాకింకా గడవలేదు. కాకాని కుర్చీలో కూర్చోబెట్టాం. జేబు ఖాళీ. దాని మీద చెయ్యి పెట్టుకోలేదు ఆయన. దగ్గు వచ్చినప్పుడు ఛాతీకి అదుముకోమని ఇచ్చిన దిండు ఒళ్ళో పెట్టుకుని తలుపువైపే చూస్తూ కూర్చున్నాడు. పడుకోమంటే పడుకోడు. జావ ఇస్తే తాగడు. "ఫోనొచ్చిందా బిడ్డా?" అని అడుగుతాడు, రాలేదంటే మళ్ళీ తలుపు చూస్తాడు. నేను ఫోనుకీ కుర్చీకీ మధ్య తిరిగీ తిరిగీ కాళ్ళు పీకేశాయి. మధ్యాహ్నం దాటిపోయింది. డ్యూటీ దిగే వేళయినా నేను దిగలేదు. ఎవరూ దిగమనలేదు.

మేస్త్రీ తలుపు అద్దం అవతల కనిపించేసరికి సాయంత్రమైంది. నిన్నటి చొక్కాయే, నలిగి మాసిపోయి ఉంది. నేను ఇన్‌చార్జి సిస్టర్ వంక చూశాను. ఆవిడ అప్పటికే లేచి, చేతిలో గౌనుతో తలుపు తీస్తోంది.

అతను వచ్చి కుర్చీ ముందు నిలబడ్డాడు. కాకా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"బతాకా సూపియ్యి" అన్నాడు.

అతను జేబులోంచి తీసి చూపించాడు. కాకా ఫోటోనీ ముఖాన్నీ మార్చి మార్చి చూశాడు. "లోపల వెట్టు. బొత్తం వెట్టుకో" అన్నాడు. అతను పెట్టుకున్నాడు. అప్పుడు ఆపుకోలేకపోయాడు కాకా. దిండు గుండెకి అదుముకుని, కుట్లు లాగుతున్నా పట్టించుకోకుండా భోరుమన్నాడు.

"ఇయ్యాల శనివారం గదరా. డ్యూటీ వాయె. నా తోని నీకు ఆబ్సెంట్ పడె."

మేస్త్రీ కింద గచ్చు మీద కూలబడి ఆయన మోకాళ్ళు పట్టుకున్నాడు.

"పడితె పడనియ్యి కాకా" అన్నాడు. "నువ్వు మల్ల పడలే గద."